నివురు కప్పిన చెయ్యి

గ్లెన్‌దారా,
సెప్టెంబరు 3, 1956

అన్నయ్యా,

నువ్వు పంపిన ఇనుప పొయ్యి క్షేమంగా చేరింది. డెర్రీ రేవు నుంచి వంతెన దాకా లారీలో వచ్చింది. అక్కడి నుంచి మీ బావ, పక్కింటి మాన్యుస్ కలిసి గాడిదబండి మీద తెచ్చారు. ఇంటికొచ్చాక ఆ గాడిద రెండు రోజులు మా మొహం చూడలేదు.

ప్రస్తుతం పొయ్యి కొట్టంలో గోనెపట్ట కప్పుకుని కూర్చుంది. అత్తమ్మ వెళ్ళి చూసి, "నల్లగా, పొట్టిగా, నోరు బిగించుకుని... అచ్చం మన చర్చి ఫాదర్‌లాగే ఉందే," అంది. మాన్యుస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. లోపలికి వచ్చాక నాతో మాత్రం, "నిప్పును ఇనప్పెట్టెలో పెట్టి తలుపేస్తే దానికి ఊపిరాడుతుందిటే?" అని మెల్లగా అడిగింది.

ఈ ఏడు వానలకు పొయ్యిలోకని బాడవలో కోసిన నల్ల మట్టిగడ్డలు ఎండనే లేదు. మీ బావకు ఎస్టేటు అడవిలో చెట్లు కొట్టే పని దొరికింది కాబట్టి కట్టెలకు లోటు లేదు. కానీ గోడలో నిప్పు వేసుకునే మా పెద్ద నిప్పుగూడు మొద్దుకు మొద్దు మింగి వేడంతా ఆకాశానికి పంపేస్తోంది. అత్తమ్మ మంచం నిప్పుగూడు పక్కనే, గోడ గూట్లో. అంత దగ్గరున్నా రాత్రంతా దగ్గుతూనే ఉంటుంది. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరు చెప్పాడు. అందుకే సిగ్గు విడిచి నిన్ను పొయ్యి అడిగాను. అమ్మ పోయాక నాకు అమ్మంటే ఈవిడే.

నిప్పుగూడును ఎలా సిద్ధం చెయ్యాలో విడమరిచి రాయి. ఇంట్లో అందరికీ నేనే చదివి వినిపించాలి. కూడబలుక్కుని చదువుతాను కాబట్టి నీ అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి.

నీ చెల్లెలు,
రోషా


గ్లాస్గో,
సెప్టెంబరు 14

రోషా తల్లీ,

పెద్ద అక్షరాలతోనే రాస్తున్నా. కాగితం ఖర్చు మీ ఆయన పేర రాసుకుంటా.

ముందు కుండ వేలాడదీసే గొలుసు, కొక్కెం తీసెయ్యండి. చిమ్నీలో మసి గీకించు. కాకిగూడు ఉంటే లాగించు. లోపల నిలబడి తలెత్తితే ఆకాశం కనపడాలి. నిప్పుగూడు నెత్తిన అడ్డంగా ఉన్న రాతిదూలాన్ని సుత్తితో తట్టమను. ఖంగున మోగితే మంచిది, బొయ్‌మంటే పగిలిందన్నమాట. నేల మీది పాత పొయ్యిరాయి మీ పెళ్ళినాటికే పగిలి ఉంది కదా, దాన్ని లేపండి. కింద మెత్తమట్టి తవ్వేసి, రాళ్ళముక్కలు పోసి దిమ్మిసతో కొట్టి, నాలుగంగుళాల సిమెంటు, పైన కొత్త బండ. పొయ్యి నోటి ముందు అడుగున్నర బండ ఉండి తీరాలి. నిప్పురవ్వ ఎగిరితే రాతి మీదే చావాలి, చెక్క మీద కాదు. రసమట్టం పెట్టి చూడమను. కొనల్ బావ కంటిమట్టాన్ని నేను నమ్మను. మీ పెళ్ళిలో ఆయన కట్టిన గోడకు ఆనుకుని నేనే వంకరపోయాను.

పొయ్యి కూర్చున్నాక చిమ్నీ నోటికి ఇనుపరేకు అడ్డంపెట్టి, గొట్టం దానిగుండా పైకి పోనిచ్చి, చుట్టూ నిప్పు సిమెంటు మెత్తండి. చీమ దూరే సందు కూడా ఉండకూడదు. మీ అత్తగారికి చలి ఎక్కడిదో చూస్తా.

నీ అన్న,
ఫెలిమీ


గ్లెన్‌దారా,
అక్టోబరు 2

అన్నయ్యా,

పని సగమైంది. రాతిదూలం ఖంగున మోగింది. అత్తమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఈ ఇంటి నిప్పు ఆరి ఎరగదు. అత్తమ్మ అత్తగారు పుట్టింటి నుంచి కుండలో తెచ్చిన నిప్పు అది. రోజూ పడుకునే ముందు నిప్పులు దగ్గరికి లాగి, పైన బూడిద కప్పి, మరియమ్మ ప్రార్థన చెప్పి, పొద్దున్నే నివురు తీసి ఊదితే మళ్ళీ లేస్తుంది. పెళ్ళయిన రోజు రాత్రే ఆ పని నాకిచ్చింది. నా చెయ్యి పట్టుకుని చూసి, "చల్లటి చెయ్యి. నివురు కప్పడానికి ఇలాంటిదే కావాలి," అంది. అలా నన్ను ఎవరూ మెచ్చుకోలేదు అప్పటిదాకా.

అందుకని పని జరిగే ఈ పన్నెండు రోజులూ ఇనుపకుండలో నిప్పు కొట్టంలో పెట్టి, పూటపూటకీ చూసుకుంటున్నాను. ఆవు ఈనిన వేళ కూడా ఇంత జాగారం చెయ్యలేదని మీ బావ ఎగతాళి.

రెండోది. పాత పొయ్యిరాయి లేపితే కింద గుంటలో గుర్రం పుర్రె ఉంది. పళ్ళన్నీ చెక్కుచెదరలేదు. నేను అరిచేశాను. అత్తమ్మ నవ్వింది. "భయపడకే పిచ్చిదానా, మా మామగారి తాత పెట్టిందది. పైన బండ మీద నాట్యం చేస్తే అడుగుల చప్పుడు మోగాలని. మా పెళ్ళికి ఈ నేల డప్పులా మోగింది," అంది. మళ్ళీ దాని చోటే దాన్ని పెట్టమంది. ఎముక మీద సిమెంటు నిలవదని మీ బావ పుర్రెను పొలంగట్టు అవతల పారేశారు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

కొత్త బండ పడింది. రసమట్టంలో బుడగ నడిమధ్యనే నిలిచింది. మీ బావ నీకు ఈ మాట తప్పకుండా రాయమన్నారు. కానీ నడుస్తుంటే నేల మూగగా ఉంది.

రోషా


గ్లాస్గో,
అక్టోబరు 15

చెల్లాయ్,

బుడగ మధ్యలో నిలిచిందంటే రసమట్టమే పాడై ఉంటుందని బావకు చెప్పు.

నీ కుండలో నిప్పు సంగతి ఇక్కడ మా పనివాళ్ళకు చదివి వినిపించాను. ఒక్కొక్కడూ కూర్చున్న చోటు నుంచి పడిపోయాడు. ఒసే పిల్లా, ఇది పందొమ్మిది వందల యాభయ్యారు! ఆ నిప్పుకు పాలు కూడా పడుతున్నావా? అగ్గిపెట్టె కొనుక్కోండే. ముసలావిడ బూడిద మంత్రాలు కట్టిపెట్టి పొయ్యిని పొయ్యిలాగా చూడు.

సిమెంటును మూడు వారాలు ఆరనివ్వండి. తర్వాత కాగితం వెలిగించి చూడండి, పొగ గొట్టంలోకి సర్రున లాగాలి. ఇక గొట్టానికి పక్కన చిన్న పిడి ఉంటుంది, చూశావా? లోపల రేకు తలుపుంది. పిడి నిలువుగా ఉంటే తలుపు తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. వెలిగించేటప్పుడు నిలువు. గొట్టం వేడెక్కాక సగం తిప్పు, కట్టె కలిసొస్తుంది. పడుకునే ముందు పూర్తిగా అడ్డంగా తిప్పెయ్యి. ఇనుములో వేడి, రాతిలో వేడి బయటికి పోకుండా తెల్లారేదాకా నిలుస్తుంది. అంతే. నీకు రాని విద్యేమీ కాదు.

పుర్రె గురించి బెంగ వద్దు. చచ్చిన గుర్రం ఎవర్నీ తన్నదు.

ఫెలిమీ


గ్లెన్‌దారా,
నవంబరు 20

అన్నయ్యా,

పొయ్యి వెలిగి పదిహేను రోజులైంది. నువ్వు చెప్పినట్టే పొగ సర్రున లాగింది. ఇంట్లో ఇంత వెచ్చదనం ఎప్పుడూ ఎరగం. రోజుకు నాలుగు మొద్దులు చాలుతున్నాయి. అత్తమ్మ దగ్గు తగ్గింది. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, "నాబ్లా, నువ్వు నన్ను కూడా సాగనంపేటట్టున్నావే," అన్నాడు. ఇదంతా నీ పుణ్యమే.

నువ్వు నవ్వుతావని కొన్ని సంగతులు రాయకూడదనుకున్నాను. రాయను.

కీచురాళ్ళు మాత్రం పోయాయి. పాత నిప్పుగూడు సందుల్లో ఏళ్ళ తరబడి పాడేవి. సందులన్నీ సిమెంటుతో మూశాం కదా, అందుకే అంటారు మీ బావ. రాత్రిళ్ళు ఇల్లు చెవులు మూసుకున్నట్టుంది. కుక్క కూడా ఇంట్లో పడుకోవడం మానేసింది. పదేళ్ళుగా పొయ్యి ముందు నుంచి లేవనిది, దీపం తగ్గించగానే తలుపు గీరుతోంది. పొద్దున చూస్తే వానలో తడుస్తూ గడప అవతల ఉంటోంది.

నాకు పొద్దున్నే తలనొప్పిగా ఉంటోంది. కడుపులో తిప్పి నిన్న వాంతి కూడా అయింది. ఆవు పాలు పితకడానికి వెళ్ళి కాసేపు చలిగాలిలో ఉంటే సర్దుకుంటుంది. కంగారు పడకు. అత్తమ్మే నా మొహం చూసి ఊరికే నవ్వుకుంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు.

నీ
రోషా


గ్లాస్గో,
డిసెంబరు 2

ఓసి నా వెర్రి చెల్లీ,

అత్తగారు ఎందుకు నవ్వుతోందో నీకు తెలియలేదా? పొద్దున్నే వాంతులు, తల తిప్పడం. నేను పెళ్ళి కానివాణ్ణే కానీ ఆమాత్రం ఎరుగుదును. మేనమామను అవుతున్నానని ఇక్కడ అందరికీ చెప్పేశాను. మా మేస్త్రీ ఒక గ్లాసు తను తాగి, నా చేత రెండు తాగించాడు. నువ్వు సిగ్గుపడి రాయవని తెలుసు, రాయొద్దులే.

ఇప్పుడు నా మాట విను. చలి తగలనివ్వకు. కొట్టంలోకి పోవడం మానెయ్, పాలు బావను పితకమను. మీ ఇంటి తలుపు కింద పిల్లి దూరేంత సందుంది, పెళ్ళిలో నా కాళ్ళు గడ్డకట్టాయి. ఈ ఉత్తరంతో ఉన్ని గుడ్డ చీలికలు పంపుతున్నా. తలుపు కింద, కిటికీ పక్కన బిగించి కుక్కు. గాలి చొరబడకూడదు. ఇది నీ అన్న ఆజ్ఞ.

మురిసిపోతున్న మేనమామ,
ఫెలిమీ


గ్లెన్‌దారా,
జనవరి 13, 1957

అన్నయ్యా,

గుడ్డలు చేరాయి. చెప్పినట్టే కుక్కాను. ఇప్పుడు దీపం మంట కూడా కదలదు.

నీ ఉత్తరం చదివి వినిపించాక అత్తమ్మ ఇక దాచుకోలేదు. తెల్ల ఉన్నితో చిన్న టోపీ అల్లడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపిస్తోంది. "నాకు వేళ్ళు వణుకుతున్నాయే, కుట్లు తప్పుతున్నాయి. మీ పిల్లాడు వంకర తలతో పుట్టాలి, లేకపోతే పట్టదు," అంటుంది. పక్కింటి మాన్యుస్ పెళ్ళాం, "తండ్రి కట్టిన గోడలా ఉంటే సరి," అంది. అందరూ నవ్వుతారు. నేను తల వంచుకుంటాను. ఈ సంగతి నీకు ఇంతకంటే రాయలేను.

తలనొప్పి ఎక్కువైంది. ఆవిడకీ ఉంది, చెప్పదు. బుగ్గలు మాత్రం పదహారేళ్ళ పిల్లలా ఎర్రగా ఉన్నాయి. మొన్న పొద్దున నన్ను మా ఆడపడుచు పేరుతో పిలిచింది. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయిన పిల్ల. ఇంకో మాట కూడా అంది. "గుర్రం తిరిగొచ్చిందే. రాత్రంతా బండ కింద నడుస్తోంది. దాని చోటు దానికి లేదుగా." మీ బావతో చెప్పాను. "ముసలితనం," అన్నారు. కానీ ఆ సాయంత్రం గట్టు అవతల ఏదో వెతుకుతూ కనపడ్డారు.

మీ బావ రేపటి నుంచి వారం రోజులు నది అవతల అడవి గుడిసెల్లోనే ఉంటారు. ఇంట్లో ఇక నేనూ ఆవిడా.

ఒక మంచి కబురు చెప్పి ముగిస్తాను, నువ్వు నవ్వినా సరే. మొన్న మాన్యుస్ వాళ్ళ పొయ్యి ఆరిపోయింది. తెల్లారుతూనే మా ఇంటికి నిప్పు అడగడానికి వచ్చారు. నేను పొయ్యి తలుపు తీసి నివురు తోస్తే లోపల నిప్పులు నారింజపండు రంగులో ఉన్నాయి. అత్తమ్మ గర్వంగా, "ఇనప్పెట్టెలో పెట్టినా నా కోడలి చెయ్యి తప్పలేదు చూశారా," అంది. అవును అన్నయ్యా, నేను మానలేదు. నువ్వు ఎగతాళి చేశావని నీకు రాయలేదు, అంతే. రోజూ నివురు కప్పి, ప్రార్థన చెప్పి, నువ్వు చెప్పినట్టు పిడి పూర్తిగా అడ్డంగా తిప్పి పడుకుంటాను.

రోషా

(వెనకవైపు: నిన్న రాత్రి ఆవిడ తన పక్కన పడుకోమంది, పొయ్యి దగ్గర బిడ్డకు వెచ్చగా ఉంటుందని.)

*ఈ కింది ఉత్తరం మీద ఎర్ర సిరాతో ‘అత్యవసరం’ అని మూడుసార్లు రాసి ఉంది.*

గ్లాస్గో,
జనవరి 18

రోషా,

చదవడం ఆపి లేచి వెళ్ళి పిడి నిలువుగా తిప్పు. తలుపు తెరువు. గుడ్డలు పీకెయ్. అత్తగారిని బయటికి తీసుకెళ్ళు. తర్వాత మిగతాది చదువు.

బతికున్న నిప్పు మీద పిడి అడ్డంగా తిప్పకూడదు. ఎప్పుడూ, ఎప్పుడూ కూడదు. రాత్రికి ఆరిపోతుందనుకుని రాశాను. లోకంలో అందరి పొయ్యిలూ రాత్రికి ఆరిపోతాయి. నివురు కప్పిన నిప్పు విషం కక్కుతుంది. దానికి పొగ లేదు, వాసన లేదు. పాత నిప్పుగూడులో అది ఆకాశంలోకి పోయేది. ఇప్పుడు పైన రేకు, పక్కన సిమెంటు, ఎదురుగా నేను పంపిన గుడ్డలు. అది పోయే దారి మీ ముక్కులే. ఆ తలనొప్పి అదే. వాంతి అదే. కుక్కకు తెలిసింది, నాకు తెలియలేదు. ఆ బుగ్గల ఎరుపు ఆరోగ్యం కాదు.

ఇక్కడ పోయినేడు ఒకే గదిలో ముగ్గురిని ఇలాగే మోసుకొచ్చాం. నేనే ఒక కాలు పట్టుకున్నాను. అయినా నీ ఉత్తరాలు చదివి నవ్వాను.

తంతాఫీసు తెరవగానే తంతి కూడా ఇస్తున్నాను. ఏది ముందు చేరితే అది. ఆవిడ పక్కన పడుకోకు. నువ్వు ఒట్టి మనిషివి కూడా కాదు. ఒక్క ముక్క రాయి. బతికున్నానని ఒక్క ముక్క.

ఫెలిమీ


గ్లెన్‌దారా,
ఫిబ్రవరి 3

అన్నయ్యా,

నేను బతికే ఉన్నాను.

నీ తంతి, ఉత్తరం రెండూ ఒకే సంచిలో వచ్చాయి. పందొమ్మిదో తేదీ వరదకు వంతెన కొట్టుకుపోయింది. పలకలు వేసి పోస్టుమాన్ ఇవతలికి వచ్చేసరికి ఏడు రోజులు. నేను గుమ్మంలో నల్లబట్టల్లో ఉన్నాను. అతను టోపీ తీసి, రెండూ నా చేతిలో పెట్టాడు.

అత్తమ్మ ఇరవయ్యో తేదీ రాత్రి పోయింది.

ఆ రాత్రి కూడా పక్కన పడుకోమని పిలిచింది. దుప్పటి ఎత్తి చోటు చూపించింది. నేను వెళ్ళలేదు. ఎందుకో నీకు రాయక తప్పదు. నేను ఒట్టి మనిషినే అన్నయ్యా. లేదు. కడుపులో బిడ్డ అసలు ఎప్పుడూ లేదు. అంతకు రెండు రోజుల ముందే నాకు తెలిసింది. ఎవరూ నన్ను అడగలేదు, అందరూ చెప్పారు. కాదనడానికి నోరు రాలేదు. ఆవిడ పక్కన పడుకుంటే కడుపు మీద చెయ్యి వేస్తుంది, అప్పుడు అబద్ధం ఆడలేనని, నిద్ర వస్తోందని చెప్పి వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అంతకుముందు రోజూ చేసినట్టే నివురు కప్పాను. ప్రార్థన చెప్పాను. పిడి తిప్పాను. "చలెక్కువగా ఉంది, బాగా తిప్పవే," అంది. అదే ఆఖరి మాట.

పొద్దున బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోతోందనుకుని టీ కాచాను. టోపీ ఒళ్ళో ఉంది, చెవి దగ్గర నాలుగు వరసలు మిగిలాయి.

వచ్చిన వాళ్ళందరూ ఎంత మంచి చావు, నిద్రలో పోయింది, పెళ్ళికూతురిలా ఉంది అన్నారు. మీ బావ కొండ చుట్టి నడిచి మర్నాటికి వచ్చారు. పాతిపెట్టి వచ్చిన మూడో రోజు గట్టు అవతలికి వెళ్ళి బురదలో పొర్లి పుర్రె వెతికి తెచ్చారు. ఒక చేతిలో అది, ఒక చేతిలో గడ్డపార. "అమ్మ చెప్పింది, నేను వినలేదు. నేనే చంపాను," అంటూ బండ లేపడానికి గడ్డపార ఎత్తారు. నీ ఉత్తరం అప్పటికి గంట నుంచి నా జేబులో ఉంది.

ఊరుకుని ఉండొచ్చు. ఊరంతా గుర్రమే అనుకుంటోంది. ఆయన పుర్రెను దాని చోట పెట్టి, బతికినంత కాలం తనను తాను తిట్టుకుంటూ ఉండేవారు. నేను ఎప్పటిలాగే తల వంచుకుని ఉండేదాన్ని.

"గుర్రం కాదు, నా చెయ్యి," అన్నాను. ఆయనకు వినపడలేదు. ఆ ఇంట్లో మొదటిసారి గట్టిగా అరిచాను. "ఆ చెయ్యి నాది!" గడ్డపార ఆగింది. నీ ఉత్తరం కూడబలుక్కుంటూ చదివాను. గుడ్డల మాట ఉన్న చోట ‘నేను పంపిన’ అన్నది వదిలేసి చదివాను. ఆయన పుర్రెను బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయారు. ఏడు రాత్రులు కొట్టంలో ఆవు పక్కన పడుకున్నారు. నేను పొయ్యి ముట్టుకోలేదు. అది ఎప్పుడు ఆరిందో చూడలేదు. ఆరిపోయాక చెయ్యి పెట్టి చూశాను. దానిదీ నా చేతిదీ చల్లదనం ఒకటే.

నిన్న సాయంత్రం ఆయన లోపలికి వచ్చారు. పొయ్యి మీద అరచెయ్యి ఆనించారు. నా వైపు చూడకుండా, "అగ్గిపుల్ల ఉందా?" అన్నారు.

మాన్యుస్ ఇంటికి వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చాను. ఆయన పిడి నిలువుగా తిప్పి, తిరగకుండా తీగతో కట్టేశారు. తలుపు బార్లా తెరిచి పెట్టారు. కుక్క గడప దాకా వచ్చి అక్కడే నిలబడింది. సన్నకట్టెలు పేర్చి, "ముట్టించడానికి ఏదైనా కాగితం ఇవ్వు," అన్నారు.

నీ డిసెంబరు ఉత్తరం ఇచ్చాను. ఆయన దాన్ని చదవలేదు. ‘మేనమామ’ అన్న మాట దగ్గర ముందు అంటుకుంది.

గాలి వస్తోంది. కోటు వేసుకునే రాస్తున్నాను. ఇక నన్నేదైనా అడుగు అన్నయ్యా, రాస్తాను.

రోషా